ఇంటిలో గిటారు సాధన: ఆంప్లిఫయరు నెన్నుకొనుట

శబ్దము ఆకాశమునకు గుణమని తర్కశాస్త్రము చెప్పిన గురువులు నాకు చిన్ననాడు బోధించిరి. ఆకాశవాణి ద్వారా మీతో మాటలాడుచున్న యీ సమయమున ఆ మాట నిజమే యని తోచుచున్నది. కాని ఆకాశమున గుణముగా నున్న ఆ శబ్దము మా యింటి నడవలోనికి వచ్చి అటకమీది యిత్తడి గిన్నెలను గడగడలాడించినప్పుడు, దానికి కొలత యెంత, వెల యెంత, హద్దు ఎచ్చట అని విచారింపవలసిన పని నాకు అఱువదియైదవ యేట తటస్థించెను. ఆ విచారణ ఫలమునే నేడు మీకు విన్నవించుచున్నాను.

నేను ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనై బడిలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. సంగీతమున నాకు గల పాండిత్యము, శ్రుతి తప్పినప్పుడు నొసలు చిట్లించుటకు మాత్రమే చాలును. మా దౌహిత్రుడు పదవ తరగతి ముగించి ఇంటర్మీడియట్ చదువునకై మా యింటికి వచ్చినప్పుడు, వాని మేనమామ వానికి విద్యుత్ గిటారు నొకదానిని బహుమానముగా నిచ్చెను. "చదువుకొనే వయసులో ఈ గోల యేమిటిరా?" అని నేనంటిని. వాడు మాఱుపలుకక దానిని ఒడిలో పెట్టుకొని వాయించి చూపెను. గోల మాట యటుండగా, అందు స్వరమే లేదు. దోమ రెక్క కొట్టుకొన్నట్లు సన్నగా వినబడి యూరకుండెను. వాడు నవ్వి, "తాతగారూ, దీని గొంతు వేరే కొనుక్కోవాలండి" అనెను.

ఆ వేఱుగా కొనవలసిన గొంతే ఆంప్లిఫయరు. పెండ్లి పందిళ్ళలో మైకుసెట్టువానియొద్ద మీరు దాని అన్నదమ్ములను చూచియే యున్నారు. ఐనను గిటారునకు కావలసినది వేఱుజాతి. ఏలయో చెప్పెదను.

మామూలు గిటారునకు, మన వీణకువలెనే, లోపల డొల్ల గలదు. తీగ కదలిక పైపలకకు, పలకనుండి గాలికి చేరి శబ్దము పెంపొందును. విద్యుత్ గిటారునకు ఒడలు సాధారణముగా గట్టిచెక్క, డొల్ల లేదు. తీగల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగయు అమర్చియుందురు. దీనిని పికప్ అందురు. ఉక్కుతీగ అయస్కాంతము చెంత కంపించినప్పుడు ఆ రాగిచుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ధర్మమిదియే. మన యిండ్లకు దీపపు వెలుగునిచ్చు జెనరేటరులును ఈ ధర్మముననే పనిచేయుచున్నవి. అమెరికాలో వాద్యబృందముల సందడిలో గిటారు వినబడక వెనుకబడియుండగా, జార్జి బీచమ్ అనువాడు ఈ యుపాయమును గిటారునకు సంధించెను. 1937లో వానికి పేటెంటు లభించెను.

ఇట్టి పరాయి వాద్యము మనకేల యని మీలో కొందఱికి తోచవచ్చును. నాకును తోచెను. కాని మా జిల్లా సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చి నోరు మూసికొంటిని. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాసుగారు విద్యుత్ మాండొలినును చేతబట్టి కర్ణాటక సంగీతమును పలికించిరి. 1978లో, తొమ్మిదేండ్ల ప్రాయమున, గుడివాడలో త్యాగరాజారాధన సందర్భమున తొలి కచేరి చేసిరి. మాండొలిను తీగను మీటినవెంటనే నాదము ఆఱిపోవును. గమకమునకో, నాదము నిలువవలెను. విద్యుత్తు తోడైనందుననే ఆ చిన్న వాద్యమున గమకము నిలిచినది. 1998లో పద్మశ్రీ పొందిన ఆ విద్వాంసులు 2014లో దివంగతులైరి. వాద్యము ఎవరిదన్న ప్రశ్నకంటె సాధన ఎవరిదన్న ప్రశ్న పెద్దదని వారి జీవితము నాకు నేర్పెను.

ఇక నా పొరపాటు. నేను పట్టణమునకు పోయి ఒక దుకాణము చొచ్చితిని. దుకాణదారుడు రెండు పెట్టెలు చూపెను. ఒకటి పదివాట్ల క్రొత్తది, బియ్యపు డబ్బా అంతటిది. రెండవది ఎవరో వేదికలపై వాడి అమ్మివేసిన నూఱువాట్ల పెట్టె, బీరువాలో సగముండెను. రెండింటి వెలయు ఇంచుమించు సమానము. మనుమడు చిన్నదానివైపు చూచుచుండెను. నేను మాత్రము, ఒకే వెలకు పదింతలు వచ్చుచుండగా విడుచువాడు అవివేకి యని తలచి పెద్దదానిని ఆటోలో వేయించి తెచ్చితిని. ఇంటి గోడలోని పాత సాకెట్టున మూడవ రంధ్రము లేదు. దుకాణదారుడు ముందుగనే త్రాడు చివర రెండుముండ్ల ప్లగ్గు నమర్చి యిచ్చెను. "చక్కగా సరిపోయినది" అని నేను సంతసించితిని.

ఆ సంతోషము ఒక్క పూటయు నిలువలేదు. గుండీని వెండ్రుకవాసి త్రిప్పినచో వినబడదు. మఱియొక వెండ్రుకవాసి త్రిప్పినచో ఇంటిపైకప్పు లేచిపోవును. పక్కగదిలో మా అన్నగారు పక్షవాతముతో మంచమున నున్నారు. వారు రెండు దినములోర్చి, మూడవనాడు చేయెత్తి వద్దని సైగ చేసిరి. మనుమడు ఆ సైగ చూచెను. నాటినుండి పెట్టెకు దుప్పటి కప్పి, గిటారును గోడకు తగిలించెను. మూడు వారములు వాడు దాని జోలికి పోకుండుట చూచి, బాలుర యుత్సాహమింతేకదా యని నేననుకొంటిని. ఒకనాడు మా యింటి యామె చెప్పినది వినియుండనిచో ఇప్పటికిని అట్లే యనుకొనుచుండెదను.

సైగకు ముందే మఱియొకటి జరిగినది. అప్పుడే కడిగిన తడినేలపై వట్టికాళ్ళతో నిలిచి వాయించుచుండగా, తీగ వాని వ్రేళ్ళను జివ్వున కుట్టెను. ఆ సంగతి నాకు చెప్పినచో గిటారును లాగికొందునని భయపడి, అమ్మమ్మకు మాత్రము చెప్పి, ఆమెచేత ఒట్టు పెట్టించుకొనెను. ఆ మాట చెవిని బడినప్పుడు నా కాళ్ళు వణకెను. ముప్పదియైదేండ్లు పరుల బిడ్డలకు బుద్ధిచెప్పినవాడను. మా బిడ్డ నా యెదుట ప్రాణాపాయమును దాచిపెట్టవలసివచ్చినది. కొన్న తప్పుకంటె, వాడు నాతో చెప్పలేకపోయిన తప్పు నన్ను ఎక్కువ బాధించెను.

నాటి సాయంకాలమే ఎలక్ట్రీషియనును పిలిపించితిని. అతడు చెప్పిన దిది. ఆంప్లిఫయరు లోని లోహపు చట్రమునకును, గిటారు తీగలకును త్రాడుద్వారా సంబంధమున్నది. పెట్టెలో ఎచ్చటనైన విద్యుత్తు కాఱినచో అది తీగలకు చేరును. ఎర్తు అనబడు మూడవ తీగ యున్నచో ఆ విద్యుత్తు భూమిలోనికి పోవును. లేనిచో వాయించువాని యొడలిగుండ పోవును. మూడవ ముల్లు అలంకారము కాదు, ప్రాణరక్ష. అతడు మా పెరటిలో ఎర్తు గొయ్యి త్రవ్వించి, సాకెట్టు మార్చి, కాఱిన విద్యుత్తును పసిగట్టి తనంత తాను తెగిపోవు మీటను మీటరు చెంత బిగించెను. కావున శ్రోతలారా, మీరు ఆంప్లిఫయరు కొనకముందే ఇంటి ఎర్తును చూపించుకొనుడు. ఈ యొక్క మాటను గ్రహించి తక్కినదంతయు మఱచినను నా ప్రసంగము వ్యర్థము కాదు.

తరువాత మేము ఆ పెద్ద పెట్టెను నష్టమునకు అమ్మితిమి. ఈ పర్యాయము నేను ముందు చదివి, మనుమనిచేత చదివించి, పిమ్మట దుకాణమునకు పోయితిని. అప్పుడు తెలిసికొన్న విషయములు క్రమముగా చెప్పెదను.

మొదటిది వాట్ల లెక్క. శక్తి పదింతలైనప్పుడు చెవికి శబ్దము ఇంచుమించు రెండింతలుగా మాత్రమే తోచును. అనగా నూఱువాట్ల పెట్టె పదివాట్లదానికి రెండింతలే పలుకును. మన శ్రవణేంద్రియము వర్తకుని కూడికను ఒప్పుకొనదు. పడకగదిలో సాధనకు అయిదు మొదలు పది వాట్లు చాలును, ఇరువదియైన సమృద్ధి. ఇది నేడు పుట్టిన మాటయు కాదు. అమెరికాలో ఫెండరు సంస్థవారు 1948లో ఎనిమిదంగుళముల స్పీకరు నొకదానిని పెట్టి చాంపియన్ 800 అను చిన్న ఆంప్లిఫయరును తెచ్చిరి. దాని శక్తి నాలుగైదు వాట్లు మాత్రమే. ఆ వంశమునకే చెందిన చాంప్ అను చిన్న పెట్టెతో ఎరిక్ క్లాప్టన్ అను ప్రసిద్ధ వాదకుడు 1970లో లేలా అను ఆల్బమునకు వాయించెను. చిన్నపెట్టె చిన్నతనము కాదు.

రెండవది స్పీకరు. గిటారునందలి అన్నిటికంటె లావు తీగ సెకనుకు 82 పర్యాయములు కంపించును. రెండు మూడంగుళముల స్పీకరు ఆ మంద్రమును నిండుగా పలుకజాలదు. ఆఱంగుళములది కొంత పలుకును, ఎనిమిదంగుళములది మేలు. వాట్లకై చెల్లించు సొమ్మును స్పీకరునకై చెల్లించుట వివేకము.

మూడవది, ఇంటిలోని రేడియోకో టీవీ స్పీకరుకో గిటారును తగిలింపరాదా యన్న ప్రశ్న. నేనును అడిగితిని. పికప్‌నుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి దుర్బలము. దానిని స్వీకరించు ద్వారము అందుకు తగినట్లుగా నిర్మింపబడనిచో స్వరమునందలి మెఱుపు నశించి, గొంతు కంబళి కప్పుకొన్నట్లుండును. అంతేకాక గిటారు స్పీకరు అయిదువేల కంపనములకు పైబడిన గరగరను తనంత తానే చాలవరకు అణచివేయును. ఇంటి స్పీకరు ఆ గరగరనుగూడ వినిపించి చెవిని బాధించును. హఠాత్తుగా మీటిన దెబ్బకు చెడిపోవుటయు కలదు.

నాలుగవది జాతిభేదము. వాల్వులతో పనిచేయునవి, ట్రాన్సిస్టరులతో పనిచేయునవి, డిజిటల్ పద్ధతివి అని మూడు తెగలు. వాల్వుల నాదమును రసికులు మెచ్చుకొందురు. కాని వాని వెల హెచ్చు, బరువు హెచ్చు, వాల్వులు కాలక్రమమున మార్పవలెను. లోపల వందలకొలది వోల్టులుండును. ప్లగ్గు తీసిన పిమ్మటను కొంతసేపు నిలిచియుండవచ్చును, కాన ఇంటివారు మూత తెఱవరాదు. ట్రాన్సిస్టరుది చౌక, గట్టి; మరమ్మతునకు వచ్చుట తక్కువ. ఫెండర్ ఫ్రంట్‌మాన్ 10జి, మార్షల్ ఎంజి10, ఆరెంజ్ క్రష్ 12 అనునవి ఈ తెగలో పది పండ్రెండు వాట్లవి. పోలికకై పేర్లు చెప్పితినే కాని ఏ వర్తకుని పక్షమును నేను వహింపలేదు. డిజిటల్ పెట్టె ఒక్కటియే పలు పెట్టెల గొంతులను అనుకరించును, ఫోనుతో కలియును. అది గొప్ప సౌకర్యమే. కాని బాలుడు ఒక గంటలో ముప్పావు గంట గొంతులు మార్చుటకును, పావు గంట వాయించుటకును వినియోగించు ప్రమాదమున్నది. వాని స్వభావమును ఎఱిగి యెన్నుకొనుడు.

అయిదవది, పెట్టెపై నుండవలసిన ద్వారములు. హెడ్‌ఫోను పెట్టుకొనుటకు ఒకటి; అది పెట్టినవెంటనే స్పీకరు మూగపోవలెను. ఫోనులోని పాఠమును విని దానితో కలిసి వాయించుటకు మఱియొకటి. గెయిన్ అను గుండీయు, వాల్యూము అను గుండీయు వేఱువేఱుగా నుండవలెను. మొదటిది స్వరమునకు గరుకుదనమును, రెండవది మొత్తము శబ్దమును సవరించును. రెండును ఒకటే యైనచో గరుకు స్వరము కావలసినప్పుడెల్ల ఇల్లు అదరవలసినదే. మీ యూర విద్యుత్తు తఱచుగా పోవునెడల బ్యాటరీతోను పనిచేయుదానిని చూడుడు. విదేశమునుండి బంధువులు తెచ్చినచో అది మన 230 వోల్టులకు తగినదో కాదో వెనుకనున్న పలకపై చదివినపిమ్మటనే తగిలింపుడు. అమెరికాలో గృహవిద్యుత్తు 120 వోల్టులు.

సొమ్ము మఱియు తక్కువగా నున్నవారికి ఇంకొక మార్గము గలదు. గిటారునకే నేరుగా తగిలించుకొని హెడ్‌ఫోనుతో వినదగిన బొటనవ్రేలంతటి ఆంప్లిఫయరులున్నవి. ఏడాదిపాటు సాధన దానితో సాగించుకొనవచ్చును. కాని హెడ్‌ఫోను విషయమున ఒక హెచ్చరిక. వారమునకు నలువది గంటలు వినువారికి 80 డెసిబెల్లుల స్థాయి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. శబ్దము హెచ్చినకొలది వినదగిన కాలము తగ్గును. చెవి ఒకసారి చెడినచో తిరిగి కొనదగిన దుకాణము లేదు.

ఇక పరీక్షావిధానము. మీ బాలుని గిటారునే దుకాణమునకు తీసికొనిపొండు. అచ్చటి మేలిరకపు గిటారుతో విన్నచో ప్రతి పెట్టెయు మధురముగనే పలుకును. మొదట శబ్దమును ఇంటిలో ఎంత పెట్టుకొందురో అంతకే తగ్గించి వినుడు. అంత తక్కువలోను ఆఱు తీగలును వేఱువేఱుగా స్పష్టముగా పలుకవలెను. గుండీలను మెల్లగా త్రిప్పి, కరకర వచ్చునేమో గమనింపుడు. వాయింపక యూరకున్నప్పుడు హోరు ఎంతయో వినుడు. కొద్దిపాటి హోరు సహజము, తీగలపై చేయి వేసినప్పుడు అది తగ్గుటయు సహజము. చేయి వేసినప్పుడు జివ్వుమన్నచో, వెల యెంత చౌకయైనను ఆ దుకాణము దాటిపొండు. మూడవ ముల్లు తీసివేసిన పెట్టెను ఉచితముగా ఇచ్చినను, దానిని సరిచేయించక తగిలింపవలదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. మనుమడు వాయించుచుండగా నేను ఒకదాని గుణము కనిపెట్టితిని. గరుకు స్వరమున తప్పులు కప్పబడును. నిర్మలమైన స్వరమున ప్రతి తప్పును బయటపడును. మెట్టుపై వ్రేలు సరిగా ఆనలేదా, పక్కతీగ తగిలినదా, కాలము తప్పినదా, అన్నియు వినబడును. సాధనకు కావలసినది పొగడు పెట్టె కాదు, తప్పు పట్టు పెట్టె. మంచి గురువునకును మంచి ఆంప్లిఫయరునకును ఇది సామాన్యధర్మము. ఆ పరీక్షలో నెగ్గిన ఎనిమిదంగుళముల చిన్న పెట్టెను మేము కొంటిమి. ఈమాఱు ఎన్నుకొన్నవాడు మనుమడు. నేను సొమ్ము లెక్కించి యిచ్చితిని, నోరు మెదపలేదు. పెద్దదానిని అమ్మగా వచ్చినది దీనికి పోను మిగిలిన దానిని పట్టణములో గిటారు నేర్పు మేష్టరునకు రెండు నెలల జీతముగా నిచ్చితిమి. గిటారు వెలలో సగమునకు మించి ఆంప్లిఫయరునకు పెట్టనక్కరలేదనియు, మిగులు సొమ్ము గురువునకే చెల్లవలెననియు నా యభిప్రాయము.

ఆ రాత్రి వానిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, "ఏది కుట్టినా, ఏది చెడినా, ముందు నాతో చెప్పు. నేను గిటారు తీసుకోను" అంటిని. వాడు తలవంచుకొని "సరేనండి తాతగారూ" అనెను. ఆ మాట ఇచ్చుటకు నాకు పెట్టె మార్చవలసినంత కాలము పట్టినది.

నేడు మా యింట సాయంకాలము ఆఱు మొదలు ఏడువఱకు స్పీకరు. ఆ పిమ్మట హెడ్‌ఫోను. ఇది మా అన్నగారును, మనుమడును సైగలతో కుదుర్చుకొన్న యొడంబడిక. మేష్టరు పాఠము ముగిసినపిమ్మట, నా తృప్తికై వాడు మాయామాళవగౌళలో సరళీవరుసలు వాయించును. తప్పులున్నవి, స్పష్టముగా వినబడుచున్నవి. మొన్న వానికి జ్వరము తగిలి వాయింపలేదు. ఏడు కావచ్చెను. మా అన్నగారు మంచముమీదినుండి నన్ను చూచి, గోడకు వ్రేలాడుచున్న గిటారువైపు చేయెత్తి, ఏమైనదని సైగ చేసిరి.

తొలినాడు వద్దని యెత్తిన చేయియే అది. బిడ్డల విద్యకు తావు ఇచ్చుటయనగా పెద్ద పెట్టె కొనుట కాదు. ఇంటిలోని వారందఱును ఓర్చుకొనదగిన కొలతను కనుగొనుట. మీ యింటను అట్టి కొలత కుదురుగాక. సెలవు.